మధ్యలో ఒక బ్రాకెట్టు

డ్రిల్లు ఇటుకలోకి దిగినప్పుడు ఎర్రటి పొడి సన్నగా గోడ వెంట జారుతుంది. ఇటుకబట్టీ దగ్గర వచ్చే కాలిన మట్టి వాసన వస్తుంది. కాంక్రీటైతే పొడి బూడిద రంగులో ఉంటుంది, వాసన పెద్దగా ఉండదు, చెయ్యి మాత్రం మోచేతి దాకా అదురుతుంది. మొన్న భోగాపురం వైపు కొత్తగా కట్టిన ఒక ఇంట్లో పడకగది కిటికీకి కర్టెన్ రాడ్డు బిగిస్తుంటే, బూడిద పొడి రావలసిన చోట ఎర్ర పొడి వచ్చింది. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. కింద నిచ్చెన పట్టుకున్న రమణమ్మ "ఏటైందక్కా, కరెంటు పోయిందేటి?" అంది. కరెంటు పోలేదు. "ఎర్రపొడొస్తే ఆగు. మేకు దేన్ని పట్టుకుంటాదో సూసుకో. ఆ తరవాత బిగించు" అని ఒక గొంతు వినబడింది, అంతే. ఆ గొంతు సుభద్రమ్మ గారిది. ఆవిడ పోయి రెండు వానాకాలాలు దాటాయి.

ఇళ్ళకు కర్టెన్లు కొలవడం, కుట్టడం, బిగించడం నా వృత్తి. విజయనగరంలో చిన్న దుకాణం ఉంది. వచ్చేవాళ్ళందరూ గుడ్డ గురించే అడుగుతారు. రంగు నిలుస్తుందా, పువ్వులు పెద్దవి బాగుంటాయా చిన్నవా, ఉతికితే కుదించుకుపోతుందా అని. ఆ గుడ్డ దేనికి వేలాడుతుందో, ఎక్కడ వేలాడుతుందో అడిగేవాళ్ళు తక్కువ. సుభద్రమ్మ గారు మాత్రం ఎవరు వచ్చినా గుడ్డ తాను విప్పకముందే "ముందు మీ ఇల్లు సూడాల" అనేవారు. నరసన్నపేట బజారులో వాళ్ళ కుటుంబానికి పెద్ద బట్టల కొట్టు ఉండేది. మామగారు పెట్టిన కొట్టు. భర్త చిన్న వయసులోనే పోతే మరిది సత్యం గారు దాన్ని నడిపించేవారు. చీరలు, పంచెలు, పెళ్ళి బట్టలు అన్నీ ఆయన చూసుకునేవారు. వెనకవైపు గదిలో కర్టెన్ల పని ఈవిడది. ఆ పని ఎవరూ ఆవిడకు అప్పగించలేదు. అమ్ముడుపోకుండా మిగిలిన తానులతో మొదలుపెట్టి, అక్కడే తన జాగా చేసుకున్నారు.

నేను పుట్టింది కోటబొమ్మాళి పక్కన పల్లెలో. మా నాన్నకి కొంచెం వరి చేను ఉండేది. పెళ్ళయి నరసన్నపేట వచ్చాక, మా ఆయన లారీ మీద వెళ్ళి వారాల తరబడి రాకపోతే, తెలిసిన కుట్టుపనితో ఏదైనా చేద్దామని ఆ కొట్టుకి వెళ్ళాను. సుభద్రమ్మ గారు బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్నారు. తల ఎత్తకుండానే నా పేరు, ఊరు అడిగారు. నేను కుట్టిన జాకెట్టు చూపించబోతే అది చూడలేదు.

"నిచ్చెన ఎక్కగలవా?" అన్నారు.

"మా ఊర్లో చింతచెట్టు ఎక్కేదాన్నమ్మగారూ" అన్నాను.

"చింతచెట్టుకి కొమ్మలుంటాయి, పట్టుకుంటావు. గోడకేటుంటాది పట్టుకోడానికి?" అని అప్పుడు నవ్వి నా మొహం చూశారు. ఆవిడకు బిగించే మనిషి కావాలి. అంతకు ముందు వచ్చే మగవాళ్ళు వాళ్ళ తీరికని బట్టి వచ్చేవారు. మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరే ఉన్నప్పుడు పడకగదిలోకి వెళ్ళి పని చెయ్యాలంటే ఇటు వాళ్ళకూ మొహమాటం, అటు వీళ్ళకూ మొహమాటం. ఆడమనిషి అయితే ఆ బాధ ఉండదని ఆవిడ ఆలోచన.

మా మామగారు ఒప్పుకోలేదు. పరాయి ఇళ్ళలో నిచ్చెనలెక్కే కోడలు మాకొద్దన్నారు. ఆ మాట నేను వెళ్ళి సుభద్రమ్మ గారికి చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా ఇంటికి వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నారు. బజారులో అంత పేరున్న ఇంటి మనిషి వచ్చి కూర్చుంటే మామగారు కంగారుపడి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డారు.

"ఉడుపుల్లో మీ కోడలు సేనిలోకి దిగదేటి, మావగారూ?" అని అడిగారు ఆవిడ.

"దిగుతాదమ్మా. దిగకపోతే ఎలగ?"

"మోకాల్లోతు బురదలోకి దిగితే తప్పు నేదు. నాలుగు మెట్లు పైకెక్కితే తప్పొచ్చిందా?"

మామగారు తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నారు. చివరికి "పడిపోకుండా సూసుకోండమ్మా" అన్నారు. నా బతుకు మలుపు తిరిగింది ఆ అరుగు మీదే. అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. నేను లోపల కాఫీ కలుపుతున్నాను.

పని నేర్పడంలో ఆవిడ పద్ధతి వేరు. కొత్త ఇంటికి వెళితే ముందు టేపు తీయనిచ్చేవారు కాదు. గదిలో ఒక కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మంచం ఎటు ఉంది, పొద్దుటి ఎండ ఎవరి మొహం మీద పడుతుంది, కిటికీ తలుపులు లోపలికి తెరుచుకుంటాయా బయటికా, ఫ్యాను గాలి గుడ్డని ఎటు తోస్తుంది, వీధిలో నడిచేవాడికి ఎంతవరకు కనబడుతుంది, ఇవన్నీ చూసేవారు. మా వైపు పాత ఇళ్ళలో కిటికీకి సగం వరకే పరదా కట్టేవారు. రెండు మేకుల మధ్య స్ప్రింగు తీగ, దానికి అడుగున్నర గుడ్డ. వీధివాళ్ళకు లోపల కనబడకూడదు, పైనుంచి గాలి రావాలి. చాలామంది దాన్ని పాతకాలం వ్యవహారమని తీసేయించేవారు. సుభద్రమ్మ గారు వీధి గదుల్లో దాన్ని ఉంచమనే చెప్పేవారు. "గాలి ఆపడానికా కర్టెను, కళ్ళు ఆపడానికా? కళ్ళు ఇక్కడిదాకే వస్తాయి" అని తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించేవారు.

రాడ్డు ఎప్పుడు వాడాలో, ఛానల్ ఎప్పుడు వాడాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కిటికీకీ కప్పుకీ మధ్య జాగా తక్కువుంటే ఛానల్, అంటే గుడ్డ కొక్కేలు లోపలే జారే సన్నటి పట్టీ. మూల తిరిగే కిటికీ అయినా ఛానలే, అది వంగుతుంది. మిగతా చోట్ల రాడ్డు. రాడ్డుని కిటికీ వెడల్పుకి సరిగ్గా కత్తిరించడం ఆవిడకు నచ్చేది కాదు. రెండు వైపులా జానెడు చొప్పున ఎక్కువ ఉండాలి. అప్పుడే గుడ్డ పక్కకు లాగినప్పుడు గోడ మీదకు వెళ్ళిపోతుంది, అద్దం మొత్తం తెరుచుకుంటుంది. లేకపోతే కిటికీలో మూడో వంతు ఎప్పుడూ గుడ్డ కిందే ఉంటుంది. ఒకసారి జమ్ము అనే ఊరి దగ్గర పాత పెంకుటింట్లో నేను రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా మధ్యకు వచ్చేలా రాడ్డు బిగించాను. దిగి చూస్తే రాడ్డు ఒక పక్కకు ఒరిగిపోయినట్టు కనబడింది. బుడగ చూస్తే మధ్యలోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ వచ్చి చూసి, "రాడ్డు సరిగ్గానే ఉన్నాది. ఇల్లే ఒరిగిపోయింది" అన్నారు. ఆ ఇంటి దూలం ఎప్పుడో ఒక వైపు కుంగిందట. రసమట్టం సంచిలో పెట్టేయించి, దూలానికి సమానంగా మళ్ళీ బిగించమన్నారు. అప్పుడు తిన్నగా కనబడింది. "ఇంట్లో ఉండేవోళ్ళు బుడగని సూడరే, దూలాన్ని సూస్తారు" అన్నారు.

ఇంత తెలిసిన మనిషికి ఒక మొండితనం ఉండేది. మనసులో ఒక రూపం కుదిరిందంటే ఇక ఎవరి మాటా వినేవారు కాదు. ముఖ్యంగా పొడవాటి టేకు రాడ్డంటే ఆవిడకు మోజు. ఒకే రాడ్డు, ఒకే పెద్ద పరదా, ఒక్క లాగుతో ఈ చివర నుంచి ఆ చివరకు ఉంగరాలు గలగలమంటూ వెళ్ళాలి. అలాంటిది బిగించిన రోజున దాన్ని రెండు మూడు సార్లు అటూ ఇటూ లాగి చూసుకుని చిన్నపిల్లలా సంబరపడేవారు. రాడ్డు మధ్యలో బ్రాకెట్టు వేస్తే ఉంగరాలు దాన్ని దాటి వెళ్ళవు, పరదా రెండు ముక్కలు చెయ్యాలి. అది ఆవిడకు ఇష్టం ఉండేది కాదు.

బియ్యం మిల్లు జగన్నాథం గారు ఊరి చివర కొత్త ఇల్లు కట్టినప్పుడు హాలు కిటికీ గోడంత వెడల్పు పెట్టించారు. ఆయన భార్య ముదురు రంగు బరువైన గుడ్డ ఎంచుకున్నారు, అస్తరుతో సహా. నేను నిచ్చెన మీద నిలబడి రెండు చివరలా రంధ్రాలు చేశాను. కుడివైపు లింటెల్, అంటే కిటికీ పైన పోసే కాంక్రీటు దిమ్మ, దొరికింది. ఎడమవైపు ఎర్ర పొడి వచ్చింది. రాడ్డు పెట్టి చూస్తే ఇంకా గుడ్డ ఎక్కించకుండానే మధ్యలో కొంచెం దిగినట్టు అనిపించింది.

"అమ్మగారూ, మజ్జిలో ఇంకో బ్రాకెట్టు ఏద్దామండి. ఇంత బరువు ఆగదేమో" అన్నాను.

"ఏసి, ఆ గుడ్డని రెండు ముక్కలు సెయ్యాలా? ఆగుతాదిలే. టేకు కర్ర అది."

"ఎడమపక్క ఇటిక తగిలిందండి."

"పెద్ద గట్టా ఎయ్యి. పొడుగు మేకు ఎయ్యి" అన్నారు. గట్టా అంటే మేకు పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ముక్క. నేను చెప్పినట్టే వేశాను. పరదా ఎక్కించాక చాలా అందంగా ఉంది. ఆ మాట అబద్ధం కాదు. ఇంటివాళ్ళు అందరూ వచ్చి ఒక్కొక్కరూ లాగి చూశారు.

తరవాత వచ్చిన వేసవిలో ఒక సాయంత్రం జగన్నాథం గారి తల్లి అప్పలనర్సమ్మ గారు ఎండ తగ్గిందని పరదా లాగబోయారు. ఎడమవైపు బ్రాకెట్టు గోడలోంచి ఊడి వచ్చేసింది. రాడ్డు వచ్చి ఆవిడ కుడి భుజం మీద పడింది. పెద్దావిడ, ఎముక విరిగింది. ఆ రాత్రి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మర్నాడు కొట్టు తెరిచిన కాసేపటికి జగన్నాథం గారు వచ్చారు. చీరలు చూస్తున్న ఆడవాళ్ళు, లెక్కల దగ్గర సత్యం గారు, వెనకగది గుమ్మంలో నేను, అందరం ఉన్నాం. ఆయన కేకలు వెయ్యలేదు. నిద్ర లేని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ భుజం ఇరిగిపోయింది. ఎవలు బిగించేరు ఆ కర్ర?" అన్నారు.

సత్యం గారు లేచి కుర్చీ జరిపారు. "కూసోండి, కూసోండి. ఎంత పని జరిగిపోయింది. ఇదిగో, ఈ గుంటే బిగించింది. పల్లె నుంచి వచ్చింది, పని సరిగ్గా తెలీదు. ఇయ్యాల్టి నుంచి మానిపించేస్తాను" అన్నారు.

సత్యం గారు దుర్మార్గుడు కాదు. తండ్రి పెట్టిన కొట్టు పేరు పాడవుతుందని భయపడ్డారు. ఆ భయంలో దగ్గరగా కనబడింది నేను. అక్కడున్న వాళ్ళకు కూడా ఆ మాట నమ్మడం తేలిక. బిగించిన చేతులు నావే కదా. నేను నోరు తెరిచి చెప్పినా ఎవరూ వినరని తెలుసు. ఇక మామగారి అరుగు, చేను, బురద, అంతే అనుకున్నాను.

సుభద్రమ్మ గారు కత్తెర బల్ల మీద పెట్టి ముందు గదిలోకి వచ్చారు.

"ఉండు సత్యం" అన్నారు. తరవాత జగన్నాథం గారి వైపు తిరిగారు. "బిగించింది ఈ గౌరే, బాబూ. కానీ మజ్జిలో ఇంకో బ్రాకెట్టు లేకపోతే ఆగదని అది నాకు సెప్పింది. మీ హాల్లోనే, నిచ్చెన మీద నిలబడి సెప్పింది. వొద్దన్నది నేను. తప్పు నాది."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు, వేడుకోలు లేదు. నేను కింద నుంచి రాసుకుంటుంటే పైనుంచి కిటికీ కొలత చెబుతారే, అలా చెప్పారు. చీరల దగ్గర ఆడవాళ్ళు చేతిలో చీరలు అలాగే పట్టుకుని చూస్తున్నారు. సత్యం గారు వదిన వైపు చూసి, తల దించుకుని, మళ్ళీ లెక్కల దగ్గరకు వెళ్ళిపోయారు. తిట్టడానికి వచ్చిన మనిషికి ఎదురు మాట దొరకకపోతే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. "మా అమ్మని సూసి ఆ మాట ఆవిడతో సెప్పండి" అని మాత్రం అని జగన్నాథం గారు వెళ్ళిపోయారు.

ఆవిడ నిజంగానే వెళ్ళారు. నన్ను కూడా రమ్మన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక అప్పలనర్సమ్మ గారు కుడి చెయ్యి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఇల్లంతా వినబడేలా "ఓలమ్మ సుబద్రా! నాను నీకేటి అపకారం సేసినానే, ఆ కర్రని నా మీదకి తోలీసినావు?" అన్నారు. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. సుభద్రమ్మ గారు మంచం పక్కన నేల మీద కూర్చుని కొట్లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పారు. ముసలావిడ విని, "సరేలే. నా తల సూడు, పిచ్చుకగూడులా అయిపోనాది. సెయ్యి లెగదు. కోడలికి నా జుట్టు దువ్వడం రాదు, లాగీస్తాది" అంది. సుభద్రమ్మ గారు లేచి దువ్వెన అడిగి తీసుకున్నారు. ఎముక అతుక్కునే దాకా రోజూ పొద్దున్నే కొట్టుకు వచ్చే ముందు ఆ ఇంటికి వెళ్ళి ముసలావిడకు తల దువ్వి, ముడి వేసి, చీర కుచ్చెళ్ళు సర్ది వచ్చేవారు. మొదట్లో మొహం తిప్పుకున్న కోడలు కొన్నాళ్ళకు కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.

ఒకరోజు ముసలావిడే అంది. "హాల్లో ఎండ మొగం మీద కొడతన్నాది. మళ్ళీ కట్టు ఆ పరదా. కానీ ఈపాలి ఈ గుంట సెప్పినట్టు కట్టు." సుభద్రమ్మ గారు తిరిగి నా వైపు చూశారు. "ఇన్నావా? కట్టు" అన్నారు. ఆ పెద్ద గుడ్డని ఆవిడే రెండుగా కత్తిరించి, అంచులు కుట్టి తెచ్చారు. రాడ్డు కొంచెం కిందకు దించి మూడు బ్రాకెట్లూ లింటెల్‌లోకే బిగించాను. దిగాక ఆవిడ నిచ్చెన ఎక్కి, రాడ్డుని రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేసి వేలాడారు. అప్పటికే మోకాళ్ళ నొప్పులు ఆవిడకు. నేను కిందనుంచి నడుం పట్టుకున్నాను. రాడ్డు కదల్లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆవిడకు అవలేదు. అంతకు ముందు మేము మధ్య బ్రాకెట్టు లేకుండా పొడుగు రాడ్లు వేసిన ఇళ్ళన్నీ గుర్తు తెచ్చుకుని, ఎవరూ పిలవకుండానే ఒక్కో ఇంటికీ ఆటోలో నిచ్చెన వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. కొందరు లోపలికి రానిచ్చారు. కొందరు "బాగున్నదాన్ని రెండు ముక్కలు సేస్తావేటి, నాకొద్దు" అని కసురుకున్నారు. అలాంటి చోట ఆవిడ గుమ్మంలోనే నిలబడి జగన్నాథం గారి ఇంట్లో జరిగింది మొత్తం చెప్పేవారు. అది విన్నాక తలుపు తీసేవారు. ఊరంతా ఆ కథ తిరిగింది. సత్యం గారు ఒక రోజు వెనకగదికి వచ్చారు.

"వదినా, పడని కర్రలు కూడా పడతాయని నువ్వే దండోరా ఏస్తన్నావు. నాన్న పెట్టిన కొట్టు ఇది."

"ఒకసారి పడ్డాక ఎల్లేను గదా సత్యం. రెండోసారి అలా ఎల్లడం నా వల్ల కాదు."

"అయితే ఈ కొట్టు పేరుతో ఎల్లొద్దు."

ఆవిడ బల్ల మీద గుడ్డని చేత్తో సాపుచేశారు. "అలాగే" అన్నారు. ఎన్నో ఏళ్ళు కూర్చున్న గది అది. భర్త పోయాక ఆవిడకు దొరికిన ఒకే ఒక సొంత చోటు. నెల తిరగకుండా కుట్టు మిషను, బల్ల, కత్తెరలు తీసుకుని హైవే పక్కన టైర్ల దుకాణం వెనక ఒక గదికి మారిపోయారు. లారీల దుమ్ముకి గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో దాచాల్సి వచ్చేది. సత్యం గారు నన్ను పిలిచి, ఉండిపోతే కొట్లోనే జాకెట్లు కుట్టుకోవచ్చన్నారు. నేను మర్నాడు టైర్ల దుకాణం వెనక్కి వెళ్ళాను. సుభద్రమ్మ గారు నన్ను చూసి కోప్పడ్డారు.

"నా గతే తెలీదు నాకు. నువ్వెందుకొచ్చినావే?"

"నిచ్చెన ఎవలు పట్టుకుంటారండి మరి?" అన్నాను.

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని మిషనుకు నూనె వెయ్యడం మొదలుపెట్టారు. వేసిన చోటే మళ్ళీ వేశారు.

ఆ గదిలో మా వ్యాపారం బజారులో సాగినట్టు ఎప్పుడూ సాగలేదు. తమంతట తామే వచ్చి సరిచేస్తారట అని విని వచ్చినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు కట్టినవి పడిపోతాయట అని విని రానివాళ్ళు అంతకన్నా ఎక్కువమంది. మంచి చేసిన మనిషికి మంచే జరిగిందని రాయడానికి లేదు. బతికాం. కోటబొమ్మాళిలో ఆడపిల్లల హాస్టల్ కర్టెన్ల పని మా చేతికొచ్చిన ఏడు కాస్త ఊపిరి పీల్చుకున్నాం. ఆ పని పూర్తయిన సాయంత్రం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉడికించిన వేరుశనగలు తింటుంటే, అన్నాళ్ళూ మనసులో ఉన్న మాట అడిగాను.

"ఆవేళ మీరలా సెప్పకుండా ఉంటే ఆ గది మీకే ఉండేది గదమ్మగారూ. నన్ను మానిపించీసినా మీకేటి పోయేది?"

ఆవిడ కాయ ఒలుస్తూ వింతగా చూశారు. "నువ్వు సెప్పింది నాకు ఇనబడింది గదే. ఇనబడనట్టు ఎలగ సెప్పను?" అన్నారు. ఇంకేదైనా అంటారేమోనని ఆగాను. బస్సు వచ్చింది. ఆవిడ ముందెక్కి, మోకాలు పట్టుకుని, నాకు పక్కన చోటు ఉంచారు.

చివరి రోజుల్లో ఆవిడ నిచ్చెన ఎక్కలేకపోయేవారు. కింద కుర్చీలో కూర్చుని "కొంచెం పైకి, ఇంకొంచెం, ఆగు" అనేవారు. తరవాత విజయనగరంలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. మా ఆయన పని కూడా అటే కుదరడంతో మేమూ అక్కడికే మారాం. ఆవిడ మిషను, బల్ల నా దగ్గరికే వచ్చాయి. వారానికోసారి దుకాణానికి వచ్చి, కుట్లు తిరగేసి చూసి, వంక పెట్టి వెళ్ళేవారు. ఆవిడ పోయిన రోజున సత్యం గారు వచ్చారు. చాలాసేపు దూరంగా కూర్చుని, వెళ్ళబోతూ నా దగ్గర ఆగారు. ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను. "మా ఇంట్లో హాల్లో కూడా మూడు బ్రాకెట్లే ఏయించేను" అన్నారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా దగ్గర రమణమ్మతో కలిపి ముగ్గురు ఆడవాళ్ళు పని చేస్తున్నారు. ఈ మధ్య కొత్త ఫ్లాట్లలో అందరూ ఫాల్స్ సీలింగ్ పెట్టించుకుని, ఛానల్ దానికే బిగించమంటున్నారు. పైన చెక్క ఉంటేనే అది ఆగుతుంది. వట్టి జిప్సం రేకైతే ఆగదు. ఒక ఫ్లాట్‌లో పైన చెక్క ఉందో లేదో తట్టి చూడమంటారా అని రమణమ్మ అడిగితే, పని తొందరలో ఉండి, ఉంటుందిలే, బిగించెయ్యి అన్నాను. కొన్ని వారాలకు ఛానల్ సీలింగ్ పెచ్చుతో సహా ఊడి మంచం మీద పడింది. ఆ సమయానికి గదిలో ఎవరూ లేరు. ఇంటావిడ ఫోన్ చేసి నిప్పులు కురిపించింది. మీ పనివాళ్ళకు పని వచ్చా అని అడిగింది. రమణమ్మ నా ఎదురుగానే ఉంది. చేత్తో సైగ చేస్తూ, "నాను సరిగ్గా బిగించనేదని సెప్పీయండక్కా, పర్లేదు" అని గొణిగింది.

ఆ ఒక్క క్షణం నాకు ఎంత తేలికైన దారి కనబడిందో చెప్పలేను. అందరికీ సరిపోయే దారి. రమణమ్మ కూడా ఒప్పుకుంది. కొత్త మనిషి, పొరపాటు పడింది, ఈసారి నేనే దగ్గరుండి చేయిస్తాను అంటే ఇంటావిడ చల్లబడుతుంది, దుకాణం పేరూ నిలుస్తుంది.

"రమణమ్మ నన్నడిగిందండీ, చెక్క ఉందో లేదో చూడమంటారా అని. నేనే వద్దన్నాను. తప్పు నాది" అన్నాను.

ఇంటావిడ ఈసారి మామూలు గొంతుతో, "అయితే ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

"బయల్దేరుతున్నామండీ" అన్నాను. రమణమ్మ అప్పటికే నిచ్చెన భుజాన వేసుకుంది.